పటం చుట్ట, టచ్ తెర: ఒక టీచరు డైరీ పుటలు

2024 జూన్ 19, బుధవారం

బడి తెరిచి వారమైంది. ఎనిమిదో తరగతి గదిలో కొత్తగా బిగించిన 75 అంగుళాల టచ్ తెర మీద ఈ రోజు మొదటిసారి పాఠం చెప్పాను. 22 స్లైడ్లు. రంగుల బొమ్మలు, ఎగిరొచ్చి కూర్చునే అక్షరాలు. 34 మంది పిల్లలూ చేతులు కట్టుకుని చూశారు. చివర్లో "ఎవరైనా వచ్చి తాకుతారా?" అనడిగితే ఒక్కరూ లేవలేదు. "పాడైతది సార్" అన్నాడు ముందు బెంచీ పిల్లవాడు.

ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు. తాకమని పిలిచే చోటు నా పాఠంలో ఎక్కడుంది? ఒక స్లైడు తర్వాత ఇంకో స్లైడు వస్తుంది, నేను చెబుతాను, వాళ్లు వింటారు. పవర్‌పాయింట్ 1987లో వచ్చినప్పుడు అది ఒకరు మాట్లాడుతుంటే పదిమంది కూర్చుని చూడటానికి పుట్టిన సాధనం. దాన్ని పిల్లల చేతికి ఇవ్వాలంటే తయారీ పద్ధతే మారాలి.

బట్ట మీద కథను వరస బొమ్మలుగా వేసే చేర్యాల పటాల మీద స్థానిక చరిత్ర పాఠం ఒకటి జూలై నెలాఖరుకి తయారు చెయ్యమని హెడ్‌మాస్టరు గారు అడిగారు. మంచి అవకాశం. బొమ్మలు వెతకడానికి ముందే లక్ష్యం రాసుకుందామని కూర్చున్నాను. "చేర్యాల పటాల గురించి పిల్లలు తెలుసుకుంటారు" అని రాసి కొట్టేశాను. తెలుసుకున్నారో లేదో నాకెలా తెలుస్తుంది? మళ్లీ రాశాను: "మునుపు చూడని పటాన్ని ఎదురుగా పెడితే, కథ ఎక్కడ మొదలైందో, ఎవరు దేవుడో ఎవరు రాక్షసుడో, తర్వాత ఏం జరిగిందో పిల్లవాడు తానే చదివి చెప్పగలగాలి." ఈ వాక్యాన్ని అట్ట మీద రాసి బల్ల ముందు అతికించాను. దీనికి పనికిరాని బొమ్మ, పాట, బటన్ ఏదీ లోపలికి రాకూడదు.

జూన్ 23, ఆదివారం

పొద్దున్నే బస్సెక్కి చేర్యాల వెళ్లొచ్చాను. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. పటాలు వేసే నకాషీ చిత్రకారుల ఇంట్లో కూర్చోబెట్టి, పాత తరహాలో వేసిన పటం ఒకటి విప్పి చూపించారు. వెడల్పు సుమారు మూడు అడుగులు. పొడవు చూస్తే నలభై అడుగులకు తక్కువుండదు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, తుమ్మజిగురు కలిపి పూతలు వేసి ఆరబెడతారు. ఆ పూత మీద వేలు పెడితే గట్టి అట్టలా తగిలింది. చుడితే మాత్రం బట్టలాగే చుట్టుకుంది.

పై నుంచి కిందికి వరసగా దృశ్యాలు. ఒక దృశ్యానికీ ఇంకో దృశ్యానికీ మధ్య సన్నని పూలగీత. అన్నిటి వెనకా ఒకటే ఎర్ర రంగు. విష్ణువు, కృష్ణుడు నీలంగా, ఆడవాళ్లు పసుపు రంగులో, రాక్షసులు ముదురు గోధుమ రంగులో ఉంటారు. మొదటి దృశ్యంలో ఏ రంగుతో గుర్తుపట్టామో చివరి దృశ్యంలోనూ అదే రంగుతో గుర్తుపడతాం. పేర్లు రాయలేదు, రాయనక్కర్లేదు. చదువు రానివాళ్ల కోసం వేసిన బొమ్మ ఇది. మేము శిక్షణలో 'కన్సిస్టెన్సీ' అని నోట్సు రాసుకున్న సూత్రం ఇక్కడ బట్ట మీద కనిపించింది.

పక్క ఊరి నుంచి పటం కథ చెప్పే పెద్దాయన కూడా వచ్చాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వారి కుటుంబం ఆయనది. చుట్టను పై నుంచి వేలాడదీసి, ఒక్క దృశ్యం మాత్రమే కనబడేలా విప్పి, కట్టెతో చూపిస్తూ పాట ఎత్తుకున్నాడు. ఒకాయన హార్మోనియం, ఒకాయన తాళాలు. బొమ్మ, పాట, మాట, వాద్యం, చూపించే కట్టె. మల్టీమీడియా అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇక నేను కంప్యూటరు పేరెత్తను.

"తాతా, ఒకేసారి మొత్తం పటం ఎందుకు విప్పవు?" అనడిగాను.

"మొత్తం ఇప్పితె యముడు ముందుగాల్నే కనబడ్తడు సారూ. ఇగ పోరని మీద ఎవలకు బుగులైతది? ఇనేటోళ్ల మొకాలు చూస్కుంటనే ఇప్పాలె. అర్థం కాకుంటె ఆడ్నే ఆగాలె. 'మళ్ల చెప్పు' అంటె మళ్ల చెప్పాలె."

ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాను. కొద్దికొద్దిగా విప్పడం, ఆగడం, అడిగితే మళ్లీ చెప్పడం. నా తెర ఈ మూడూ చెయ్యాలి.

జూన్ 27, గురువారం

కంప్యూటరు తెరవలేదు. పాత నోటుపుస్తకం కాగితాలు చింపి 40 ముక్కలు చేశాను. ఒక్కో ముక్క ఒక్కో తెర. పైన బొమ్మకు పెట్టె గీశాను. కింద మూడు గీతలు: ఏం కనబడుతుంది, ఏం వినబడుతుంది, పిల్లవాడు ఏం చేస్తాడు. ఇదే స్టోరీబోర్డు. మూడో గీత ఖాళీగా ఉన్న ముక్కలు 26 తేలాయి. అంటే ఆ 26 చోట్లా పిల్లవాడు ఊరికే చూస్తాడు. 19వ తేదీ నాటి పాఠం మళ్లీ నా చేతిలో తయారవుతోంది. ఆ ముక్కలన్నీ పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను.

తర్వాత దారులు. ముక్కలను నేల మీద పరిచి దారంతో కలుపుతూ చూశాను. ఒకటి తర్వాత ఒకటి వచ్చే వరస దారి కథకు బాగుంటుంది. చెట్టు కొమ్మల్లా విడిపోయే దారి విభాగాలకు బాగుంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడికైనా పోయే వల దారి, తెలిసినవాళ్లకు హాయి, కొత్తవాళ్లకు తప్పిపోయే అడవి. ఈ వల ఊహకు టెడ్ నెల్సన్ 1965లో హైపర్‌టెక్స్ట్ అని పేరు పెట్టాడు. 1987లో బిల్ అట్కిన్సన్ చేసిన హైపర్‌కార్డ్‌లో తెరలను కార్డుల దొంతరలా పేర్చి, బటన్ నొక్కితే ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు వెళ్లేలా పెట్టారు. నా నేల మీద ఉన్నదీ కార్డుల దొంతరే.

చివరికి రెండు కలిపాను. మొదటి తెర మీద మూడు కొమ్మలు: 'పటం ఎలా తయారవుతుంది', 'ఎవరి కథ ఎవరు చెబుతారు', 'మార్కండేయుడి పటం విప్పుదాం'. రెండో కొమ్మలో పద్మశాలీలకు చెప్పే కూనపులి వారు, ముదిరాజులకు చెప్పే కాకిపడగల వారు, మాదిగలకు చెప్పే డక్కలి వారు వస్తారు. మా తరగతిలో ఈ కథలు వినే ఇళ్లన్నిటి పిల్లలూ ఉన్నారు. ఎవరి పటమూ పెద్దదిగా, ఎవరి పటమూ చిన్నదిగా కనబడకూడదు. మూడు బొమ్మలూ ఒకే కొలతలో, ఒకే వరసలో పెట్టాను. మూడో కొమ్మ మాత్రం వరస దారి. కథ మధ్యలో దూకే బటన్ ఇవ్వలేదు, వెనక్కి వెళ్లే బటన్ ఇచ్చాను. పెద్దాయన చెప్పింది అదే కదా.

ఏ తెర నుంచైనా రెండు తాకుల్లో మొదటి తెరకు చేరాలి. ఇది అట్ట మీద రెండో వాక్యంగా చేర్చాను.

జూలై 3, బుధవారం

ఈ వారమంతా అక్షరాలతో, గొంతుతో కుస్తీ.

పాత డీటీపీ ఫాంటులో టైపు చేయించిన వ్యాసాన్ని తెచ్చి పేస్ట్ చేస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. మొత్తం యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశాను. తర్వాత ఇంకో చిక్కు. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ల ఎడం తెలుగుకు చాలదు. 'రాష్ట్రం' అని రాస్తే కింది వత్తులు వచ్చి తర్వాతి లైను గుడుల మీద కూర్చున్నాయి. పెట్టె అంచున ఉన్న 'స్త్రీ'కి కింద వత్తు తెగిపోయింది. లైన్ల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు దాటించాక అక్షరం ఊపిరి పీల్చుకుంది.

బడి అయ్యాక చివరి బెంచీలో కూర్చుని చూశాను. 'పటం' నాకు 'వటం'లా కనబడింది. అక్షరం సైజు పెంచి, ఒక తెరకు రెండు వాక్యాలకు మించకుండా కుదించాను. పటంలోలాగే వెనక ఎరుపు పెట్టి దాని మీద నల్ల అక్షరాలు వేశాను. కాంతి తేడా తక్కువై చదవలేకపోయాను. వెబ్ ప్రమాణాల్లో మామూలు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని చెబుతారు. లేత మీగడ రంగు పట్టీ మీద నల్ల అక్షరం పెట్టాక చివరి బెంచీ నుంచి తేలిగ్గా చదవగలిగాను. ఎరుపును బొమ్మకే వదిలేశాను.

గొంతు సంగతి. తెర మీద ఉన్న వాక్యాలన్నీ నేనే చదివి రికార్డు చేశాను. విన్నాక విసుగొచ్చింది. కన్ను ముందే చదివేస్తుంది, చెవి వెనక నడుస్తుంది, బొమ్మను ఎవరూ చూడరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు ఇదే చెబుతాయి. బొమ్మతో మాట వినిపిస్తే మెదడుకు బాగా అందుతుంది, అదే మాటను పక్కన అక్షరాల్లో కూడా పెడితే కన్ను రెండు చోట్లకు చీలిపోతుంది. అందుకని కథ తెరల మీద అక్షరాలు తీసేసి, బొమ్మ, గొంతు మాత్రం ఉంచాను.

రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది: మూడో బెంచీలో కూర్చునే అమ్మాయికి సరిగా వినపడదు. ఆమెకు నా గొంతు ఉన్నా లేనట్టే. లేచి స్టోరీబోర్డులో ప్రతి కథ తెరకూ 'మాటలు చూపించు' అనే బటన్ రాశాను. సూత్రం సగటు పిల్లవాడికి సరిపోతుంది. నా తరగతిలో ఉన్నది సగటు పిల్లవాడు కాదు, 34 మంది పిల్లలు.

జూలై 9, మంగళవారం

బటన్లు. ఇన్నాళ్లూ బటన్ అంటే రంగు, ఆకారం అనుకున్నాను. ఈ రోజు టేపు పట్టుకుని కొలిచాను. తెర కింది అంచు నేల నుంచి మూడు అడుగుల ఎత్తున ఉంది. 75 అంగుళాల తెర పై అంచు పెద్దవాడికే తల పైన ఉంటుంది. మొదటి తెరకు తీసుకెళ్లే 'ఇంటికి' బటన్ నేను పెట్టింది కుడి పై మూలన. తరగతిలో అందరికంటే పొట్టి అబ్బాయిని పిలిచి అందుకోమన్నాను. మునివేళ్ల మీద నిలబడ్డా అందలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని గీసినవాడికి ఈ సంగతి తట్టదు.

బటన్లన్నీ తెర కింది సగంలోకి దించాను. పిల్లలు తెరకు అడ్డం రాకుండా పక్కన నిలబడతారు, కనుక ఎడమ అంచున ఒకటి, కుడి అంచున ఒకటి 'ఇంటికి' పెట్టాను. గురి పెద్దదైతే, దగ్గరైతే చెయ్యి త్వరగా చేరుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే కొలిచి చూపించాడు. అరచేతిలో సగమంత బటన్, పక్క బటన్‌కు రెండు వేళ్ల ఎడం. గురి తప్పినా పక్కది నొక్కుకోదు.

తాకగానే తెర బదులు పలకాలి. జవాబు సెకనులో పదో వంతులో వస్తే మనిషికి అది తన చేతి పనిలా అనిపిస్తుందని, ఒక సెకను దాటితే ఆలోచన తెగడం మొదలవుతుందని జేకబ్ నీల్సన్ రాశాడు. నా మూడో కొమ్మ తెరుచుకోవడానికి మూడు సెకన్లు పట్టింది. పిల్లవాడు మళ్లీ నొక్కుతాడు, రెండు తెరలు దూకుతాయి. కారణం వెతికితే బొమ్మల ఫైళ్లు. కెమెరా నుంచి వచ్చిన పెద్ద ఫొటోలను అలాగే పెట్టాను. తెర చూపించగల కొలతకు కుదించాక తాకగానే తెరుచుకుంటోంది. దాంతోపాటు బటన్ తాకితే రంగు ముదిరి, చిన్నగా తాళం శబ్దం వచ్చేలా చేశాను. ఆ తాళం పెద్దాయన బృందం వాయించిందే.

ఇంకోటి. ఖాళీ చోట వేలు తగిలినా పవర్‌పాయింట్ తర్వాతి స్లైడుకు వెళ్లిపోతోంది. స్లైడ్ షో సెట్టింగుల్లో కియోస్క్ పద్ధతి పెట్టాను. ఇప్పుడు బటన్ తాకితేనే కదులుతుంది. ఈ ఒక్క సెట్టింగు తెలియక ఎన్ని బళ్లలో పిల్లలు "నేనేం చెయ్యలేదు సార్" అని బెదిరిపోతున్నారో.

జూలై 14, ఆదివారం

మళ్లీ చేర్యాల. ఫొటోలు, పాట వాడుకోవడానికి అనుమతి కాగితం మీద రాయించుకున్నాను. చిత్రకారుడి పేరు, పాడినవారి పేర్లు ఎక్కడ ఎలా వెయ్యాలో వాళ్లనే అడిగాను. చివరి తెరలో చిన్న అక్షరాల్లో వెయ్యడం నాకిష్టం లేదు. మొదటి తెర మీదే, అందరికీ కనబడేలా ఉంటాయి.

తిరిగొచ్చి కోతల పని. యమపాశం పాములా మెలికలు తిరిగే యానిమేషన్‌ను రెండు రాత్రులు కూర్చుని చేశాను. చాలా బాగొచ్చింది. అట్ట మీది వాక్యం పక్కన పెట్టి చూశాను. పటం చదవడం దీని వల్ల పిల్లవాడికి వస్తుందా? రాదు. పైగా నకాషీ గీతను నేను వంకర తిప్పినవాణ్ణి అవుతాను. తీసేశాను.

ఉంచిన కదలిక ఒక్కటే: పటం కిందికి విప్పుకోవడం. పిల్లవాడు వేలితో 'విప్పు' తాకితే పూలగీత దాటి కింది దృశ్యం మెల్లగా వస్తుంది. ఈ కదలిక కథ నడిచే దిక్కును చెబుతుంది, కాబట్టి ఉండాలి.

జూలై 19, శుక్రవారం

సాయంత్రం ఐదుగురు పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి పరీక్షించాను. పరీక్ష వాళ్లకు కాదు, నా పనికి అని ముందే చెప్పాను. నేను వెనక కూర్చుని నోరు మెదపకుండా రాసుకున్నాను. నోరు మెదపకపోవడమే అన్నిటికంటే కష్టమైంది.

మొదటి అమ్మాయి బటన్లను చూడనే లేదు. నేరుగా మార్కండేయుడి ముఖాన్ని తాకింది. ఏమీ జరగలేదు. మళ్లీ తాకింది. నా వైపు తిరిగి, "ఇది పలకదా సార్?" అంది. పిల్లల వేలు ముందుగా ముఖం మీదికే పోతుంది. నలుగురు అదే చేశారు. ముఖాలన్నీ తాకితే పేరు చెప్పేలా చెయ్యాలి.

రెండో అబ్బాయి ప్రశ్నల తెర మీద "వీళ్లలో యముడు ఎవరు?" అన్నదానికి తప్పు బొమ్మ తాకాడు. 'తప్పు' అని ఎర్రగా వచ్చింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని, "ఇంక చాలు సార్" అన్నాడు. బతిమాలినా తాకలేదు. ఆ ఎర్ర అక్షరం నేను పెట్టిందే. దాని బదులు తాకిన బొమ్మే మాట్లాడాలి: "నేను మార్కండేయుణ్ణి. నా చేతిలో పాశం లేదు. పాశం ఎవరి చేతిలో ఉందో చూడు." తప్పు తాకినా ఒక మెట్టు ముందుకు పోవాలి.

మూడో అమ్మాయికి 'ఇంటికి' గుర్తుగా పెట్టిన పెంకుటిల్లు బొమ్మ అర్థం కాలేదు. అది పటంలోని ఇల్లే అనుకుంది. బొమ్మ కింద 'మొదటికి' అని రాయాలి. నాలుగో అబ్బాయి తానెంత దూరం వచ్చానో తెలియక, "ఇంక ఎన్ని ఉన్నయ్ సార్?" అని మూడుసార్లు అడిగాడు. అంచున ఐదు దృశ్యాలకు ఐదు పూలు గీసి, దాటిన దృశ్యానికి ఒక పువ్వు ఎర్రబడేలా పెడతాను.

ఐదో అమ్మాయి మూడో బెంచీ అమ్మాయి. 'మాటలు చూపించు' తాకి, చివరి దాకా ఒక్కతే చదువుకుంటూ వెళ్లింది. చివరి దృశ్యంలో మగ్గం దగ్గర ఆగి, "మా అమ్మమ్మోళ్ల ఇంట్ల ఇదే ఉంది సార్" అంది. ఈ ఏడాది ఆమె తానుగా నాతో మాట్లాడటం ఇదే మొదలు.

జూలై 26, శుక్రవారం

ఈ రోజు మొత్తం తరగతి. దిద్దుబాట్లు అన్నీ అయ్యాయి. నేను రెండే మాటలు చెప్పి పక్కకు తప్పుకున్నాను: "ఇది పాడు కాదు. ఏది తాకినా వెనక్కి రావొచ్చు."

మొదట ముందు బెంచీ అబ్బాయి లేచాడు. యముడి ముఖం తాకగానే పెద్దాయన గొంతు పలికింది. గది ఒక్కసారి ఘొల్లుమంది. తర్వాత వాళ్లే వరస కట్టారు. ఒకరు తాకుతుంటే వెనకవాళ్లు "వెనక్కి పో, వెనక్కి పో, ఆ తెల్లగున్నదేందో చూడు" అని చెబుతున్నారు. పటం చుట్టూ ఊరివాళ్లు కూర్చుని అడిగేది ఇలాగే కదా.

పన్నెండింటికి కరెంటు పోయింది. మరో పావుగంట రాలేదు. స్టోరీబోర్డు ముక్కలు నా సంచిలోనే ఉన్నాయి. నేల మీద కలిపి పరిచి, వరసలో పేర్చమన్నాను. కథ వరస తప్పలేదు. ఆ తర్వాత బీరువాలోంచి పాత క్యాలెండర్ మీద ఉన్న ఇంకో పటం బొమ్మ తీసి గోడకు పెట్టాను. వాళ్లు మునుపు చూడనిది. "ఎక్కడ మొదలు?" అన్నాను. పై పూలగీత దగ్గర పది చేతులు చూపించాయి. "రాక్షసుడు ఎవరు?" ముదురు రంగు ముఖాన్ని చూపించారు. జూన్ 19న అట్ట మీద రాసిన వాక్యం కరెంటు లేని గదిలో నెరవేరింది.

పాఠం అయ్యాక హాజరు పట్టీ పక్కన పెట్టుకుని లెక్క చూశాను. 34 మందిలో 31 మంది తెరను తాకారు. మిగిలిన ముగ్గురి పేర్లు ఈ పేజీ వెనక రాసుకున్నాను. రేపు మొదటి పీరియడ్ వాళ్లది.